అమెరికాలో తెల్ల కుటుంబం ఆస్తి 2.85 లక్షల డాలర్లు, నల్ల కుటుంబానిది 45 వేలే.. ఇంత తేడా ఎందుకు?

లాస్ ఏంజెలిస్‌కు దగ్గర్లో, పసిఫిక్ సముద్రం ఒడ్డున మాన్‌హట్టన్ బీచ్ అనే ఊరుంది. ఇవాళ అక్కడ ఇల్లు కొనాలంటే మిలియన్ల డాలర్లు కావాలి. 1912లో విల్లా బ్రూస్ అనే నల్లజాతి మహిళ అదే ఊళ్లో సముద్రానికి ఎదురుగా ఓ స్థలం కొన్నారు. ధర 1,225 డాలర్లు.

ఆమె భర్త చార్లెస్ రైల్లో వంట పని చేసేవారు. ఆ రోజుల్లో చాలా బీచ్‌లకు నల్లజాతి వాళ్లను రానిచ్చేవారు కాదు. అందుకే బ్రూస్ దంపతులు అక్కడ వాళ్ల కోసం ఓ చిన్న రిసార్టు పెట్టారు. వ్యాపారం బాగా నడిచింది. చుట్టుపక్కల ఉన్న కొందరు తెల్లవాళ్లకు అది నచ్చలేదు. బెదిరింపులు మొదలయ్యాయి. అయినా ఆ కుటుంబం కదల్లేదు.

చివరికి 1924లో ఊరి కౌన్సిల్ రంగంలోకి దిగింది. 'ఇక్కడ పార్కు కడతాం' అంటూ భూసేకరణ కింద ఆ స్థలాన్ని తీసేసుకుంది. బ్రూస్ దంపతుల చేతికొచ్చిన పరిహారం 14,500 డాలర్లు. రిసార్టును కూల్చేశారు. పార్కు మాత్రం దశాబ్దాల దాకా కట్టలేదు. ఆ జాగా అలా ఖాళీగానే పడి ఉంది.

దాదాపు వందేళ్ల తర్వాత, 2022లో లాస్ ఏంజెలిస్ కౌంటీ ఆ స్థలాన్ని బ్రూస్ వారసులకు తిరిగి ఇచ్చింది. మరుసటి ఏడాది వాళ్లు దాన్ని కౌంటీకే దాదాపు 2 కోట్ల డాలర్లకు అమ్మేశారు.

అమెరికాలో ఇలా స్థలం తిరిగి రావడం చాలా అరుదు. పోవడం మాత్రం అరుదు కాదు. అక్కడి జాతి అసమానత గురించి మాట్లాడేటప్పుడు మనకు ముందుగా గుర్తొచ్చేది పోలీసు కాల్పులు, నిరసనలు. కానీ ఆ తేడా నిజంగా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఇళ్ల రిజిస్ట్రేషన్ కాగితాలు, బ్యాంకు లోన్ల చరిత్ర చూడాలి.

అసలు తేడా ఎంత?

అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మూడేళ్లకోసారి కుటుంబాల ఆస్తులు, అప్పులపై సర్వే చేస్తుంది. 2022 సర్వే ప్రకారం మధ్యస్థ శ్వేతజాతి కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు. అదే నల్లజాతి కుటుంబానిది 44,900 డాలర్లు. అంటే ఆరో వంతు కూడా లేదు.

మధ్యస్థం అంటే సగటు కాదు. కుటుంబాలన్నిటినీ ఆస్తి ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో వచ్చే కుటుంబం. కాబట్టి ఎలాన్ మస్క్ లాంటి కుబేరుల సొమ్ము వల్ల ఈ లెక్క పెరిగిపోదు.

ఇక్కడ ఓ విషయం గమనించాలి. ఇది జీతం లెక్క కాదు, ఆస్తి లెక్క. ఇల్లు, పొదుపు, షేర్లు, పెన్షన్ ఖాతా అన్నీ కలిపి, అందులోంచి అప్పులు తీసేస్తే మిగిలేది. జీతంలోనూ తేడా ఉంది గానీ ఇంత లేదు. జీతం ఆగిపోతే ఆదుకునేది ఆస్తి. పిల్లల చదువుకు, జబ్బు చేస్తే ఆస్పత్రికి, వ్యాపారానికి పెట్టుబడి అయ్యేది ఆస్తి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరేది కూడా అదే.

అమెరికాలో మధ్యతరగతి కుటుంబానికి ఉండే అతి పెద్ద ఆస్తి సొంతిల్లు. అక్కడి తెల్ల కుటుంబాల్లో దాదాపు 74 శాతం మందికి సొంతిల్లు ఉంది. నల్లజాతి కుటుంబాల్లో అది దాదాపు 45 శాతమే. 1960లో ఈ లెక్కలు దాదాపు 64 శాతం, 38 శాతంగా ఉండేవి. అంటే ఈ అరవై ఏళ్లలో తేడా తగ్గకపోగా కాస్త పెరిగింది.

స్వేచ్ఛ వచ్చింది, భూమి రాలేదు

1619లో ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన ఇరవై మందికి పైగా మనుషులను వర్జీనియా తీరంలో దించారు. అక్కడి నుంచి 1865 దాకా, అంటే దాదాపు రెండున్నర శతాబ్దాలు బానిసత్వం సాగింది. 1860 జనాభా లెక్కల నాటికి అమెరికాలో బానిసలుగా ఉన్నవాళ్లు దాదాపు 40 లక్షల మంది. వాళ్లకు ఆస్తి ఉండటం సంగతి అటుంచి, చట్టం దృష్టిలో వాళ్లే ఇంకొకరి ఆస్తి.

బానిసత్వం పోయినప్పుడు ఎవరికైనా పరిహారం ఇచ్చారా? ఇచ్చారు, కానీ యజమానులకు. 1862లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసలను విడుదల చేస్తూ చట్టం చేసినప్పుడు, ఒక్కో బానిసకు 300 డాలర్ల దాకా లెక్కగట్టి యజమానులకు చెల్లించారు. విడుదలైన వాళ్లకు అదే చట్టంలో రాసిందేంటో తెలుసా? దేశం వదిలి వెళ్లిపోతామంటే 100 డాలర్ల దాకా ఇస్తామని.

1865 జనవరిలో ఓ ఆశ పుట్టింది. అంతర్యుద్ధం చివర్లో జనరల్ షెర్మన్ ఓ ఆర్డర్ ఇచ్చారు. దక్షిణాది తీరంలో స్వాధీనం చేసుకున్న భూముల్ని విముక్తులైన కుటుంబాలకు 40 ఎకరాల చొప్పున పంచాలని దాని సారాంశం. దాదాపు 40 వేల మంది ఆ భూముల్లోకి వెళ్లి సాగు మొదలుపెట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో లింకన్ హత్యకు గురయ్యారు. తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ ఆ భూముల్లో ఎక్కువ భాగాన్ని తిరిగి పాత యజమానులకే ఇప్పించేశారు. సాగు చేసుకుంటున్న వాళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.

సరిగ్గా అదే కాలంలో ప్రభుత్వం ఇంకో పక్క భూమి పంచుతూనే ఉంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద పశ్చిమ ప్రాంతంలో ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చారు. ఆ భూమి అసలు అక్కడి మూలవాసులది. దాన్ని అందుకున్న వాళ్లలో అత్యధికులు తెల్లవాళ్లు.

చేతిలో భూమి లేని నల్లజాతి వాళ్లలో చాలామంది పాత యజమానుల పొలాల్లోనే కౌలుకు దిగారు. విత్తనం అప్పు, పనిముట్లు అప్పు, పంట చేతికొచ్చాక లెక్క చూస్తే మళ్లీ అప్పే. కూడబెట్టుకున్న వాళ్లకూ దెబ్బ తప్పలేదు. విముక్తుల కోసమే పెట్టిన ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంక్ 1874లో దివాలా తీసింది. 60 వేల మందికి పైగా డిపాజిటర్ల సొమ్ము అందులో చిక్కుకుపోయింది.

కష్టపడి పైకొస్తే ఏమైంది?

'ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడొచ్చు కదా' అనే మాట తరచూ వినిపిస్తుంది. ఓక్లహామాలోని తల్సా నగరంలో నల్లజాతి వాళ్లు అదే చేశారు. గ్రీన్‌వుడ్ అనే పేటలో దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్లు, ఆస్పత్రి, పత్రికాఫీసు అన్నీ వాళ్లే నడిపేవారు. దానికి 'బ్లాక్ వాల్ స్ట్రీట్' అని పేరు కూడా వచ్చింది.

1921 మే 31న లిఫ్టు నడిపే ఓ తెల్ల అమ్మాయిపై నల్లజాతి కుర్రాడు దాడి చేశాడన్న ఆరోపణతో గొడవ మొదలైంది. మర్నాటికల్లా తెల్లజాతి మూకలు గ్రీన్‌వుడ్‌లో 35 వీధి బ్లాకులను తగలబెట్టాయి. 1,200కు పైగా ఇళ్లు కాలిపోయాయి. చనిపోయిన వాళ్లు 300 మంది దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆ కుర్రాడిపై పెట్టిన కేసు తర్వాత కొట్టేశారు. ఇళ్లు, దుకాణాలు పోగొట్టుకున్న వాళ్లు ఇన్సూరెన్స్ అడిగితే, అల్లర్లలో జరిగిన నష్టానికి ఇవ్వమంటూ కంపెనీలు తిప్పి పంపాయి.

మ్యాపు మీద ఎర్ర రంగు

1910 నుంచి 1970 మధ్య దాదాపు 60 లక్షల మంది నల్లజాతి వాళ్లు దక్షిణాది పల్లెలు వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ లాంటి నగరాలకు వలస పోయారు. ఫ్యాక్టరీల్లో పని దొరికింది. మరి ఇల్లు? అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

1930ల దాకా అమెరికాలోనూ ఇల్లు కొనడం అంత తేలిక కాదు. ధరలో సగం దాకా ముందే కట్టాలి. మిగతాది ఐదు నుంచి పదేళ్లలో తీర్చాలి. మహా మాంద్యం వచ్చాక ప్రభుత్వం ఈ పద్ధతిని మార్చింది. 1934లో ఎఫ్‌హెచ్ఏ అనే సంస్థను పెట్టి, బ్యాంకులిచ్చే హోమ్ లోన్లకు తాను పూచీ ఉంటానంది. దాంతో కొద్దిపాటి డౌన్ పేమెంట్, ఇరవై ముప్పై ఏళ్ల వాయిదాలు వచ్చేశాయి. ఇవాళ మనకు తెలిసిన ఈఎంఐ తరహా ఇంటి లోను అక్కడ మామూలు జనానికి అందింది ఇలాగే. కోట్ల మంది అద్దె ఇళ్లు వదిలి సొంతింటి వాళ్లయ్యారు.

అయితే ఆ పూచీ అందరికీ దక్కలేదు. అదే దశాబ్దంలో హెచ్ఓఎల్‌సీ అనే మరో ప్రభుత్వ సంస్థ 200కు పైగా నగరాల మ్యాపులు గీయించింది. పేటలకు నాలుగు రంగులు వేసింది. బాగున్నవాటికి ఆకుపచ్చ, తర్వాతి వాటికి నీలం, దిగజారుతున్నవాటికి పసుపు, 'ప్రమాదకరం' అనుకున్నవాటికి ఎరుపు. నల్లజాతి వాళ్లున్న పేటలు దాదాపు అన్నీ ఎరుపులో పడ్డాయి. అక్కడి ఇళ్లు గట్టివా, వాళ్ల సంపాదన ఎంత అన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు. 'రెడ్‌లైనింగ్' అన్న మాట పుట్టింది ఈ ఎర్ర రంగు నుంచే.

ఎఫ్‌హెచ్ఏ కూడా ఇదే దారిలో నడిచింది. పేటలో వేర్వేరు జాతుల వాళ్లు కలిసి ఉంటే ఇళ్ల విలువ పడిపోతుందని తన అధికారులకు ఇచ్చిన మాన్యువల్లోనే రాసింది. ఇల్లు తెల్లవాళ్లకు తప్ప ఎవరికీ అమ్మకూడదనే షరతును దస్తావేజుల్లో రాయించుకోవడాన్ని ప్రోత్సహించింది. చాలా చోట్ల ఆ షరతుల్లో యూదులు, ఆసియా వాళ్ల పేర్లు కూడా ఉండేవి.

లోను కోసం కట్టిన గోడ

ఇదంతా ఎలా పనిచేసిందో అర్థం కావాలంటే డెట్రాయిట్‌లో ఓ గోడ చూడాలి. 1941లో ఓ బిల్డరు నల్లజాతి వాళ్ల పేట పక్కనే తెల్లవాళ్ల కోసం ఇళ్లు కట్టాలనుకున్నాడు. నల్లజాతి వాళ్లు మరీ దగ్గరగా ఉన్నారని ఎఫ్‌హెచ్ఏ పూచీకి ఒప్పుకోలేదు. బిల్డరు రెండు పేటల మధ్య ఆరడుగుల ఎత్తున, అర మైలు పొడవున కాంక్రీటు గోడ కట్టాడు. పూచీ వచ్చేసింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది.

గోడకు ఒక పక్కనున్న కార్మికుడికి తక్కువ వడ్డీకి లోను వచ్చింది. ఇంకో పక్కనున్న వాడికి రాలేదు. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో ఒకే జీతానికి పనిచేస్తున్నా సరే.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల విషయంలోనూ ఇంతే. 1944 నాటి జీఐ బిల్లు వాళ్లకు చదువు, ఇల్లు, వ్యాపారాలకు సాయం ప్రకటించింది. చట్టంలో జాతి ప్రస్తావన లేదు. కానీ లోను ఇచ్చేది స్థానిక బ్యాంకులు. 1947లో మిసిసిపి రాష్ట్రంలోని 13 నగరాల్లో ఈ పథకం కింద 3,229 లోన్లు మంజూరైతే, అందులో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండంటే రెండే.

బ్యాంకు లోను దొరకని వాళ్లు షికాగోలో 'కాంట్రాక్టు' మీద ఇళ్లు కొన్నారు. అంటే దళారీ దగ్గర అసలు ధరకు రెండింతలకైనా ఒప్పుకొని నెలనెలా వాయిదా కట్టాలి. రిజిస్ట్రేషన్ మాత్రం చివరి వాయిదా కట్టాకే. మధ్యలో ఒక్క నెల తప్పితే ఇల్లూ పోతుంది, అప్పటిదాకా కట్టిందీ పోతుంది. అదే ఇంటిని దళారీ మళ్లీ ఇంకొకరికి అమ్ముకునేవాడు.

డబ్బుండి, లోను లేకపోయినా కొనగలిగిన వాళ్లను కూడా ప్రశాంతంగా ఉండనివ్వలేదు. 1957 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌లోకి తొలి నల్లజాతి కుటుంబం దిగింది. అద్దాల మీద రాళ్లు పడ్డాయి. రోజుల తరబడి ఇంటి ముందు వందల మంది మూగి అరుపులు, కేకలు. అది దక్షిణాది కాదు, ఉత్తరాది రాష్ట్రం.

1968లో చట్టం మారింది.. మరి తర్వాత?

కోర్టుల్లో, వీధుల్లో పోరాటం సాగుతూనే వచ్చింది. జాతి షరతులున్న దస్తావేజులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. 1954లో బడుల్లో జాతి విభజన చెల్లదంది. 1964లో పౌర హక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. ఇళ్ల చట్టం మాత్రం చివరిదాకా కాంగ్రెస్‌లో నలుగుతూనే ఉంది. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ షికాగోలో ఇళ్ల కోసం ఊరేగింపు తీస్తే ఆయన తలకు రాయి తగిలింది. 1968 ఏప్రిల్ 4న ఆయన్ను కాల్చి చంపారు. దేశమంతా అట్టుడికింది. వారం తిరక్కుండా, ఏప్రిల్ 11న ఫెయిర్ హౌసింగ్ చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టారు. ఇల్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో జాతి వివక్ష చట్టవిరుద్ధమైంది.

ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడలేదా అంటే, పడింది. 1959లో నల్లజాతి జనాభాలో సగం మందికి పైగా పేదరికంలో ఉండేవారు. ఇప్పుడది ఐదో వంతు కంటే తక్కువ. డాక్టర్లు, జడ్జిలు, మేయర్లు అయ్యారు. ఒబామా రెండుసార్లు అధ్యక్షుడయ్యారు.

కానీ ఆస్తి తేడా తగ్గలేదు. కారణం చాలా సింపుల్. 1950లో కొన్నవాళ్ల ఇల్లు 1968 నాటికే ధర పెరిగింది. 1990 నాటికి ఇంకా పెరిగింది. దాన్ని తాకట్టు పెట్టి పిల్లల్ని కాలేజీకి పంపారు, వాళ్లు ఇల్లు కొనేటప్పుడు డౌన్ పేమెంట్‌కు సాయం చేశారు, పోయేటప్పుడు రాసిచ్చారు. 1950లో కొననివ్వని కుటుంబానికి ఇవేవీ లేవు. వివక్షను ఆపిన చట్టం, అప్పటికే జరిగిన నష్టాన్ని పూడ్చలేదు. పరుగు పందెంలో సగం దూరం అయ్యాక ఒకరి కాళ్లకున్న గొలుసు తీసి, 'ఇక ఇద్దరూ సమానమే, పరిగెత్తండి' అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

పాత మ్యాపులు ఇప్పటికీ పనిచేస్తున్నాయా?

ఒక రకంగా అవుననే చెప్పాలి. అమెరికాలో ఇల్లు కొనే మన తెలుగువాళ్లు ముందు అడిగేది 'స్కూల్ డిస్ట్రిక్ట్ ఎలా ఉంది' అనే. అక్కడ ప్రభుత్వ బడుల ఖర్చులో పెద్ద వాటా ఆ ప్రాంతపు ఇంటి పన్ను నుంచే వస్తుంది. ఇళ్ల ధరలు ఎక్కువున్న చోట బడికి డబ్బెక్కువ. బడి బాగుంటే ఇళ్ల ధర ఇంకా పెరుగుతుంది. ఎరుపులో పడ్డ పేటల్లో ఇదే చక్రం వెనక్కి తిరిగింది.

ఎండలోనూ ఆ తేడా ఉంది. 108 నగరాలపై చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. ఒకప్పుడు ఎర్ర రంగు వేసిన ప్రాంతాలు మిగతా చోట్ల కంటే సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉన్నాయని తేలింది. చెట్లు తక్కువ, తారు, కాంక్రీటు ఎక్కువ.

లోన్ల దగ్గరా మోసం ఆగలేదు. 2008 సంక్షోభానికి ముందు బ్యాంకులు నల్లజాతి పేటలకు లోన్లు ఇచ్చాయి, కానీ ఎక్కువ వడ్డీకి. అర్హత ఉన్నా ఖరీదైన లోన్లు అంటగట్టారని, ఎక్కువ ఫీజులు గుంజారని అమెరికా న్యాయశాఖ కేసులు పెట్టింది. 2 లక్షల మందికి పైగా నల్లజాతి, హిస్పానిక్ ఖాతాదారుల విషయంలో కంట్రీవైడ్ సంస్థ 2011లో 33.5 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. అప్పటికే ఎన్నో ఇళ్లు వేలానికి వెళ్లిపోయాయి.

ఆరోగ్యం సంగతి చూస్తే, 2023లో ప్రతి లక్ష ప్రసవాలకు చనిపోయిన నల్లజాతి తల్లులు 50 మంది. తెల్లజాతి తల్లులు 14 నుంచి 15 మంది. జైళ్లలో అయితే, దేశ జనాభాలో దాదాపు 14 శాతం ఉన్న నల్లజాతి వాళ్లు ఖైదీల్లో మూడో వంతు దాకా ఉన్నారు. 2020 మే 25న మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడపై పోలీసు అధికారి తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు పెట్టి చంపినప్పుడు వీధుల్లోకి వచ్చిన కోపం ఒక్క రోజులో పుట్టింది కాదు.

'మనవాళ్లు పైకి రాలేదా?' అన్న ప్రశ్న

ఈ మాట మన ఇళ్లలో చాలాసార్లు వినిపిస్తుంది. 'మావాడు వెళ్లి పదేళ్లు కాలేదు, ఇల్లు కొన్నాడు. వాళ్లు నాలుగొందల ఏళ్ల నుంచి అక్కడే ఉన్నారు, ఏం చేశారు?' అని. భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం అక్కడ ఏడాదికి లక్షన్నర డాలర్ల దరిదాపుల్లో ఉందన్నది నిజమే. కానీ ఈ పోలికలో మూడు సంగతులు మరుగున పడిపోతాయి.

మొదటిది, అమెరికా తలుపు మనకు తెరిచిందే పౌర హక్కుల ఉద్యమ కాలంలో. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవారు కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకుండా కాలిఫోర్నియాలో చట్టం ఉండేది. 1946లో పౌరసత్వ హక్కు ఇచ్చినా, ఏడాదికి భారత్ నుంచి రానిచ్చింది సుమారు వంద మందినే. 1965 అక్టోబరు 3న సంతకమైన ఇమిగ్రేషన్ చట్టం ఆ కోటాలను తీసేసింది. ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకే వచ్చిన చట్టమది. జాతిని బట్టి మనుషుల్ని వేరు చేయడం తప్పన్న వాదన నల్లజాతి వాళ్లు వీధుల్లో గెలిచాకే, ఆంధ్ర నుంచి డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో విమానం ఎక్కగలిగారు.

రెండోది, వీసా ఒక జల్లెడ. కోట్ల మందిలోంచి డిగ్రీ, ఇంగ్లిష్, ఫీజు కట్టే స్తోమత ఉన్న కొద్దిమందినే అవతలికి పంపుతుంది. జల్లెడ దాటిన వాళ్లను తీసుకెళ్లి ఒక జాతి మొత్తంతో పోల్చడం సరికాదు. మన దేశంలోని అందరి ఆదాయంతో పోల్చినా ఇదే తేడా కనిపిస్తుంది.

మూడోది, ఆ ఫీజు ఎక్కడిది? చాలా ఇళ్లలో ఎడ్యుకేషన్ లోను కోసం పొలం కాగితాలో, ప్లాటు కాగితాలో బ్యాంకులో పెట్టే ఉంటారు. అంటే మన పిల్లల అమెరికా ప్రయాణం వెనక కూడా తాతల నాటి ఆస్తి ఉంది. ఆ పొలం లేని ఇంటి పిల్లాడికి, అంతే మార్కులొచ్చినా, ఆ దారి దొరకదు. మన ఊళ్లలో కూడా ఆ పొలం ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది కులాన్ని బట్టి చెప్పగలిగే పరిస్థితే. కాబట్టి ఆస్తి లేకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

చదువు, జీతం ఉన్నంత మాత్రాన జాతి వివక్ష తాకదనీ చెప్పలేం. 2017 ఫిబ్రవరిలో కన్సాస్‌లోని ఒలేథ్‌లో ఓ బార్‌లో హైదరాబాద్ ఇంజినీరును కాల్చి చంపిన వ్యక్తి, 'నా దేశం నుంచి వెళ్లిపో' అని అరిచాడు.

పరిష్కారం ఏంటి?

దీనిపై అమెరికాలో ఒక మాట లేదు. బానిసత్వానికి పరిహారంపై అధ్యయనం చేయాలన్న బిల్లును జాన్ కానియర్స్ 1989లో ప్రవేశపెట్టారు. అది ఇప్పటిదాకా గట్టెక్కలేదు. చిన్న ఊళ్లు, రాష్ట్రాలు మాత్రం తమ దారి తాము చూసుకుంటున్నాయి. ఇల్లినాయిలోని ఎవాన్‌స్టన్ నగరం, 1919 నుంచి 1969 మధ్య ఇళ్ల వివక్షకు గురైన నల్లజాతి వాళ్లకు, వాళ్ల వారసులకు 25 వేల డాలర్లు ఇచ్చే పథకాన్ని 2021లో ఆమోదించింది. డబ్బులో కొంత గంజాయి అమ్మకాల పన్ను నుంచి వస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రం 2023లో చేసిన చట్టం, దస్తావేజు షరతుల వల్ల నష్టపోయిన కుటుంబాలకు తొలి ఇంటి కొనుగోలులో సాయం చేస్తోంది.

వ్యతిరేకించే వాళ్ల వాదనా ఉంది. అప్పటి తప్పుకు ఇప్పటి పన్ను చెల్లింపుదారులెందుకు కట్టాలి, జాతిని చూసి ప్రభుత్వం డబ్బివ్వడం కూడా వివక్షే కదా అని వాళ్లంటారు. ఎవాన్‌స్టన్ పథకంపై 2024లో కోర్టుకెళ్లారు కూడా. ఇంతకుముందే, 2023 జూన్‌లో కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆసియా విద్యార్థులకు అన్యాయం జరుగుతోందన్నది ఆ కేసులో ప్రధాన వాదన. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం ఫెడరల్ శాఖల్లో వైవిధ్య కార్యక్రమాలను ఆపేయమని ఆదేశించింది.

ఏ పరిష్కారం సరైందన్నది అమెరికా ఓటర్లు తేల్చుకోవాల్సిన విషయం. కానీ తేడా ఎలా వచ్చిందన్నది మాత్రం అభిప్రాయాల సంగతి కాదు, కాగితాల మీద ఉన్నదే. మ్యాపులున్నాయి, మాన్యువల్ ఉంది, దస్తావేజులున్నాయి, డెట్రాయిట్‌లో గోడ ఉంది. బ్రూస్ కుటుంబం కష్టపడలేదని ఎవరూ అనలేరు. వాళ్లు కష్టపడ్డారు, కొన్నారు, కట్టారు. తర్వాత ప్రభుత్వమే తీసేసుకుంది. 'వాళ్లెందుకు వెనకబడ్డారు' అని ఈసారి ఎవరైనా అడిగితే, ముందు చెప్పాల్సిన జవాబు ఇదే.